ఎవరింటికి రాసిన బొమ్మ?

సీతంపేట కొండల నుంచి బతుకుతెరువు కోసం కూర్మన్నపాలెం దిగివచ్చిన సవరలం మేం. మాలో చాలామందిది రంగుల పని. ఒక ఇంటి పని అయిపోయాక డబ్బా అడుగున కాస్త రంగు మిగులుతుంది. ఇంటివాళ్లు పట్టుకుపొమ్మంటే తెచ్చుకుంటాం. ఆ రంగుతోనే ఖాళీ రోజుల్లో కార్డులు, కవర్లు చేయడం మొదలుపెట్టాం.

పని చేస్తూనే నేర్చుకున్నాం. ఆయిల్ పెయింటు కాగితానికి పనికిరాదు, చుట్టూ నూనె మరక పాకుతుంది. నీళ్లలో కలిసే డిస్టెంపరు మేలు. పాత ఎక్స్‌రే ఫిల్మును బ్లేడుతో కోస్తే స్టెన్సిల్ అవుతుంది. కుంచెతో రాస్తే రంగు దాని కిందికి దిగుతుంది కాబట్టి స్పాంజి ముక్కతో పొడిపొడిగా అద్దాలి. పాత క్యాలెండరు కాగితం మడిచి మైదా జిగురు పెడితే కవరు.

మొదట కోసిన స్టెన్సిల్ మా ఇళ్లలోని గోడబొమ్మ. నలుచదరపు ఇల్లు, లోపల మనుషులు, లేళ్లు, నెమళ్లు, సూర్యుడు, చంద్రుడు. ఒకే రకం కార్డులు ఇరవై చేసి ఆరబెట్టాం. ఊరి నుంచి వచ్చిన తాత వాటిని చూసి, "ఇదేటి? ఎవులింటికి రాసినార్రా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

మన భాషలో ఆ బొమ్మను వేయడం అనరు, రాయడం అంటారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో, నలగ్గొట్టిన పుల్లతో రాస్తారు. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, చనిపోయినవారి కోసమో, పంట కోసమో రాస్తారు. వచ్చి కూర్చోమని పెద్దలకు కట్టిన ఇల్లు అది. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన తన పుస్తకంలో వీటి గురించి వివరంగా రాశాడు. ప్రతి బొమ్మకూ ఒక ఇల్లుంది, ఎవరికోసం రాశారో వారున్నారు.

మాలో చదువుకుంటున్న పిల్లలు ఎదురడిగారు: "చీరల మీదా కప్పుల మీదా ఎవరెవరో వేసి అమ్ముకుంటున్నారు. మనం వేస్తేనే తప్పా? కాలేజీ ఫీజు ఎవరు కడతారు?" ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం.

మిగిలిన రంగు తప్పు కాదు. మన అవ్వలు కూడా ఇంట్లో ఉన్న పిండితో, మసితోనే రాశారు. స్టెన్సిల్ కూడా తప్పు కాదు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అనే నినాదం 1966 నుంచీ ఎన్ని గోడలెక్కితే అంత బలపడింది. మంగేయి గొమాంగో 1936లో మన భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపి ఇచ్చింది అందరూ మళ్లీ మళ్లీ రాయడానికే. అక్షరం ఎందరి చేతికి అందితే అంత మంచిది. పెద్దల కోసం రాసిన ఇల్లు అలా కాదు. ఇరవై కార్డుల మీదికి ఎక్కేసరికి అది ఎవరి ఇల్లూ కాకుండా పోయింది.

అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. పెద్దల ఇంటి బొమ్మను కోయం. లేడి, నెమలి, జీలుగు చెట్టు, మన లిపి అక్షరాలు కోస్తాం. ఎవరికి పంపుతారో చెప్పినవారికే కార్డు చేస్తాం. ముందు కవరు మీద ఆ పేరు రాసి, తర్వాతే రంగు కలుపుతాం.

దీనివల్ల అమ్మకం తగ్గింది. ఫీజు ప్రశ్న అలాగే ఉంది. మాలో ఇద్దరు ముగ్గురు ఈ కట్టుబాటును ఇప్పటికీ ఒప్పుకోలేదు. వారి మాటా వింటున్నాం, రేపు దీన్ని మార్చుకోవలసి రావచ్చు. కానీ ఏం మార్చినా తాత అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబుండాలి.

ఆ ఇరవై కార్డులూ అమ్మలేదు. తాతకు జీలుగు చెట్టు కార్డు ఒకటి పంపాం. కవరు మీద ఆయన పేరుంది, ఊరుంది.