సంతకం కూడా సాక్ష్యమే



ఆదివారం పూజ ముగిసి గుడి వాకిట్లోకి వస్తాం. తెలిసినవాడొకడు కాగితం చాపి, "అన్నా, సంగతి నీకు తెలిసిందేగా, ఒక్క సంతకం పెట్టు" అంటాడు. కొందరం చదవకుండానే పెట్టేస్తాం. కొందరం "నాకెందుకొచ్చిన గొడవ" అని తప్పుకుంటాం. మొదటిదాన్ని మంచితనమనీ, రెండవదాన్ని జాగ్రత్త అనీ పిలుచుకుంటాం. దేవుని ఎనిమిదవ ఆజ్ఞ ముందు ఈ రెండూ ఎలా నిలుస్తాయో ఎప్పుడైనా ఆలోచించామా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పెద్దలకు ఈ ప్రశ్న కొత్త కాదు. 1946 నుండి నిజాం పాలనకూ, రజాకార్లకూ ఎదురు నిలిచిన పల్లెలివి. పట్టుబడినవారు చంచల్‌గూడ, వరంగల్, గుల్బర్గా జైళ్లలో మగ్గారు. దొరకనివారు అజ్ఞాతంలోకి వెళ్ళారు. కొందరు అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న మునగాల పరగణాకో, సరిహద్దు దాటి జగ్గయ్యపేటకో చేరి తలదాచుకున్నారు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత చాలా ఏండ్లకు అసలు చిక్కు వచ్చింది: నీవు పడిన బాధకు సాక్షి ఎవరు?

1972లో కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ప్రారంభించింది. 1980లో దానిని విస్తరించి 'స్వతంత్రతా సైనిక్ సమ్మాన్' అని పేరు పెట్టింది. ఆరు నెలలు జైలులో గాని, అజ్ఞాతంలో గాని గడిపినవారు అర్హులు. స్త్రీలకూ, షెడ్యూల్డు కులాల, తెగలవారికీ మూడు నెలల జైలు చాలు. కాల్పులలో, లాఠీ దెబ్బలలో శాశ్వతంగా అవిటివారైనవారు కూడా అర్హులే. జైలు రికార్డు దొరకకపోతే, ఆ రికార్డు లేదన్న పత్రంతో పాటు అదే జైలులో ఉన్న ఇద్దరు సహఖైదీల ధ్రువపత్రాలు తేవాలి. ఆ ఇద్దరూ కనీసం ఏడాది శిక్ష అనుభవించినట్టు రుజువై ఉండాలి. అజ్ఞాతవాసానికి సాక్ష్యమిచ్చేవారికైతే రెండేండ్ల జైలు రుజువు కావాలి.

ఇందులోని కష్టం చూడండి. మల్లు స్వరాజ్యం గారి వంటివారి తలకు వెల కట్టారు గనుక వారి పేరు చరిత్రకెక్కింది. రాత్రివేళ కొంగులో అన్నం మూట, రవికలో చీటీ దాచుకొని దళానికి చేర్చిన తల్లి పేరు ఏ రికార్డులోనూ లేదు. ఆమె సంగతి ఎరిగినది పక్కింటి మరో తల్లి. ఆ పక్కింటి తల్లి ఏనాడూ జైలుకు పోలేదు గనుక ఆమె మాట చెల్లదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. తోటి ఖైదీ నాలుగు నెలలు జైలులో ఉన్న మాట నిజం. పస్తులున్నాడు, దెబ్బలు తిన్నాడు. ముసలితనంలో అతనికి దిక్కు లేదు. నియమం ఆరు నెలలంటోంది. "ఆరు అని రాయి, నీదేం పోయింది?" అని అడుగుతాడు. దయ చూపి రాయవచ్చునా?

రాయకూడదు. ఆ రెండు నెలలు మన సొంతం కావు, దానం చేయడానికి. అబద్ధపు పత్రం వల్ల పోయేది ప్రభుత్వ సొమ్ము ఒక్కటే కాదు. నిజమైన పత్రానికున్న విలువ పోతుంది. ఒకనాడు హైదరాబాదు సంస్థానంలోనే ఉన్న బీడ్ జిల్లాలో దొంగ పత్రాలతో పింఛన్లు పొందారన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2005లో తీర్పు వచ్చింది. అటువంటివి బయటపడినప్పుడల్లా అధికారి ప్రతి కాగితాన్నీ అనుమానంతో చూస్తాడు. ఆ అనుమానం భారం మోసేది సాక్షి మాట తప్ప మరే ఆధారమూ లేని పేదవాడే. నాలుగు నెలలైతే నాలుగు అనే రాద్దాం. నియమం అన్యాయమనిపిస్తే బహిరంగంగా అర్జీ పెడదాం, అతని వెంట ఆఫీసుకు నడుద్దాం, అవసరమైతే మన జేబులోనుండి ఇద్దాం. దయకు ఇన్ని దారులున్నాయి.

మరి తప్పుకున్నవాని సంగతి? గట్టు తగాదా వల్లనో, పార్టీ వేరనో, తెలిసిన నిజం చెప్పనివాడు అబద్ధమాడలేదు గదా అంటారు. లేవీయకాండము ఐదవ అధ్యాయం తెరచి చూడండి. చూసినదాన్ని, ఎరిగినదాన్ని సాక్ష్యానికి పిలిచినప్పుడు చెప్పనివాడు దోషి అని అక్కడ ఉంది. పెండ్లి ప్రకటనలు చదివినప్పుడు, అడ్డంకి తెలిసినవారు చెప్పి తీరాలని శ్రీసభ కోరడం మనమెరుగుదుము. సాక్ష్యం మనం చేసే ఉపకారం కాదు, పొరుగువానికి మనం పడ్డ బాకీ.

ఆ పోరాటంలో పాల్గొన్నవారిలో నేడు మిగిలినవారు బహు కొద్దిమంది. కాని సైన్యంలో పనిచేసి, దెబ్బతిని ఇంటికి వచ్చినవారు మన పల్లెలలో ఉన్నారు. ఆ గాయమో జబ్బో కొలువు వల్ల వచ్చిందా అన్నదానిపైనే వారి వైకల్య పింఛను ఆధారపడుతుంది. చేరేనాడు లేని జబ్బు విషయంలో రుజువు భారం సైనికునిపై మోపరాదని 2013లో సుప్రీంకోర్టు ధరంవీర్ సింగ్ కేసులో చెప్పింది. సమరయోధుల విషయంలోనూ, నేర విచారణలో కోరేటంత రుజువు అడగరాదని 2001లోనే గురుదయాళ్ సింగ్ కేసులో చెప్పింది. చట్టం ఇంత మెత్తబడినా, కళ్ళారా చూసిన తోటివాని మాటకు ఇప్పటికీ బరువుంది.

కనుక మిత్రుడు అడిగితే కూర్చొని రాయండి. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు వేరువేరుగా రాయండి. తేదీ గుర్తులేకపోతే ఏ పండుగకు ముందో, ఏ పంట కోతలప్పుడో రాయండి. ఇంకొకరి పత్రం చూసి దించకండి. సూసన్నపై నేరం మోపిన ఇద్దరు పెద్దలను దానియేలు విడివిడిగా, ఏ చెట్టు కింద చూశారని అడిగేసరికే వారి అబద్ధం బయటపడింది. సంతకానికి డబ్బు తీసుకోకండి. ఇదివరకే తప్పు రాసి ఉంటే పాపసంకీర్తనంతో సరిపెట్టుకోక, జరిగిన నష్టాన్ని సరిదిద్దండి. అది కూడా మన సత్యోపదేశమే.

ప్రభువును బంధించిన రాత్రిని తలచుకోండి. లోపల ప్రధానార్చకుని ఎదుట చూడనిది చూశామన్న సాక్షులు. బయట వాకిట్లో చలిమంట దగ్గర, అన్నీ ఎరిగి కూడా ఎరుగనన్న పేతురు. ఆయనకు ఇద్దరూ అన్యాయమే చేశారు. పేతురు ఏడ్చాడు, తర్వాత ప్రాణమిచ్చి సాక్ష్యం చెప్పాడు. మన ముందుకు వచ్చే కాగితానికి ప్రాణం ఇవ్వనక్కరలేదు. ఒక పూట సమయం, ఉన్నదున్నట్టు నాలుగు వాక్యాలు, కింద మన పేరు చాలు.