జట్టు యెవరి సొత్తు?

ఉగాదికి ముందు శ్రీశైలమున జనసమ్మర్దము మెండుగా నుండును. కర్ణాటకదేశమునుండి వేలకొలది భక్తులు నల్లమల యడవిలో కాలినడకను వచ్చి, భ్రమరాంబ తమ యింటి ఆడపడుచని చీరసారెలు సమర్పించి పోవుదురు. అడవిలోని చెంచులు మల్లయ్య తమ అల్లుడందురు. కులభేదము లేక భక్తుడెవడైనను తన చేతితో లింగమును తాకవచ్చుననుట యీ క్షేత్రమునకు చిరకాలముగా గల ఖ్యాతి. ఇప్పుడు వేళలును టిక్కెట్లును ఏర్పడినను ఆ యాచారము నిలిచియే యున్నది. ఇందరు ‘మాది’ యనుకొను గుడికి యజమాని యెవరు? పూర్వము కడపమండలమందలి పుష్పగిరి పీఠమువారు దీని పాలన చూచిరి. 1949 మొదలు దేవాదాయశాఖ చూచుచున్నది. వీరిలో నెవరిని మనము స్వంతదారులనము, ధర్మకర్తలందుము.

ఈ విచారము నాకు సత్రపు వసారాలో, ఆటలను గూర్చిన యొక వాదమునుండి పుట్టెను. మా మేనమామగారు ప్రొద్దుటూరిలో నలువదేండ్లు వకీలుగా నుండి విరమించినవారు. దర్శనమును భోజనమును ముగిసి కూర్చున్న వేళ, కాలేజీలో చదువుచున్న మా తమ్ముని కుమారుడు అమెరికాలోని యొక బాస్కెటుబాలు జట్టు యజమాని కథ నెత్తి, “తాతా, ఇంట్లో అనుకున్న మాటకు మనిషిచేత ఆస్తి అమ్మించవచ్చునా?” అని అడిగెను. ఆయన నవ్వి, “ఆస్తి పోయిందా, అమ్ముడుపోయిందా? ముందు ఆ సంగతి తేల్చుకో నాయనా” అనిరి.

కథ యిది. లాస్ ఏంజెలీసు నగరపు క్లిప్పర్స్ జట్టును డొనాల్డ్ స్టెర్లింగ్ అను ధనికుడు 1981లో కోటి డాలర్లకు పైచిలుకు ఇచ్చి కొనెను. 2014 ఏప్రిలులో, అతడు తన స్నేహితురాలితో ఏకాంతమున పలికిన మాటల ధ్వనిముద్రణము బయటబడెను. నల్లవారిని వెంటబెట్టుకొని తన ఆటలకు రావలదని అతడామెను మందలించెను. మేటి ఆటగాడని లోకమెఱిగిన మ్యాజిక్ జాన్సన్‌ను సైతము ఆ నిషేధమున చేర్చెను. అతని జట్టున ఆడువారిలో పెక్కుమంది నల్లవారే; వారికి శిక్షకుడైన డాక్ రివర్స్ నల్లవాడే. ఏప్రిలు 27న ఆటగాండ్రు జట్టు పేరు కనబడకుండ చొక్కాలను తిరగవేసి తొడిగికొని మైదానమునకు వచ్చిరి. 29వ తేదీన జట్ల సమాఖ్య కమిషనరు ఆడమ్ సిల్వర్ అతనికి జీవితాంతము బహిష్కారము విధించి, నియమములు ఒప్పుకొను గరిష్ఠపు జుర్మానా 25 లక్షల డాలర్లు వేసి, జట్టును అమ్మించుటకు తక్కిన యజమానుల సమ్మతి కోరెదనని ప్రకటించెను. అందుకు నాలుగింట మూడువంతుల ఓట్లు కావలసియుండెను. ఆ ఓటు జరుగనే లేదు. కుటుంబపు ట్రస్టులో పాలుగల అతని భార్య ముందుగనే బేరము కుదిర్చెను. అతడు కోర్టుకెక్కి ఓడెను. ఆగస్టు 12న జట్టు స్టీవ్ బామర్ పరమయ్యెను. వెల 200 కోట్ల డాలర్లు.

ఇది శిక్షయే యైనచో వింతశిక్ష. అట్టి శిక్ష తమకును పడవలెనని మ్రొక్కుకొనువారు మన బజారులలో తక్కువగా నుండరు.

అయినను పిల్లవాని భయము త్రోసివేయదగినది కాదు. నాడు డల్లాస్ జట్టు యజమానియైన మార్క్ క్యూబన్ కూడ, స్టెర్లింగు మాటలను గర్హించుచునే, ఏకాంతమున అన్నదానికి ఆస్తిని లాగికొనుట మొదలిడిన యెడల అది యెంతదూరము పోవునో యని శంకించెను. ఆ శంక మన గడపలోనికి వచ్చినచో ఎట్లుండును? పడకటింట, వంటింట మనము ఇతర కులములవారిని గూర్చి అన్న మాటలన్నియు ఎవరో యంత్రమున పట్టి ఊరి నడుమ వినిపించినచో మనలో ఎందరి ఉద్యోగములు నిలుచును? గోడలకు చెవులుండుట సామెతగా నున్నంతకాలము బాగుగనే యుండెను. ఇప్పుడు ప్రతివాని జేబులోను ఆ చెవి యున్నది.

మా మేనమామగారు దీనికి వకీలు బుద్ధితోనే బదులు చెప్పిరి. మైనరు బిడ్డకు కోర్టువారొక సంరక్షకుని నియమించిరనుకొందము. వానికి ఆ బిడ్డయన్న ఏవగింపని, ఆ పాడు ముఖము చూడలేనని అతడు భార్యతో అనుచుండునని తెలిసినది. అతనిని జైలునకు పంపుదుమా? పంపము. బిడ్డను అతనివద్ద ఉంచుదుమా? ఉంచము. ఏకాంతమున అన్న మాట నేరము కాకపోవచ్చును. ఆ పనికి అతడు తగడనుటకు సాక్ష్యము కావచ్చును. నాకీ భేదము సరియైనదిగా తోచినది. 200 కోట్లు చేతికి వచ్చినను నాకు బాధ లేకపోవుట అందువలననే: అతని ధనమును ఎవరును కోరలేదు, ఆ మనుష్యులమీద అతని కధికారము తగదనిరి.

“అట్లయితే ప్రతి కంపెనీ యజమానినీ దించవచ్చును గదా?” అని పిల్లవాడు పట్టు విడువలేదు. ఆటజట్టునకు ఒక విశేషమున్నది. అది ఒంటరిగా బ్రదుకలేదు. ఎదుట ఆడు జట్టు లేనిచో అది పదిపదునైదుగురు పొడుగాటివారి గుంపు మాత్రమే. కొన్ననాడే సమాఖ్య నియమములకు లోబడెదనని వ్రాసియిచ్చి కొనవలసిన సొత్తది. మన హైదరాబాదు క్రికెట్టు జట్టు డెక్కన్ ఛార్జర్స్ హక్కును 2012లో క్రికెట్టు బోర్డు రద్దుచేసినప్పుడు, అందు వర్ణవివక్షప్రసక్తి లేదు, డబ్బు తగవే. దానిమీద 2020లో మధ్యవర్తి బోర్డు సుమారు 4,800 కోట్ల రూపాయలు చెల్లింపవలెననగా, 2021లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. బాకీకి యజమానిని దించుట న్యాయమా యని కోర్టులు వాదించినవి గాని, దించుటయే అసంభవమని ఎవరును అనలేదు. బాకీకి దింపదగినవానిని మనుష్యులను హీనముగా చూచినందుకు దింపరాదా?

నన్ను కలతపెట్టినది వేఱొకటి. ఈ స్టెర్లింగు అద్దె యిండ్ల వ్యాపారి. నల్లవారికి ఇండ్లు అద్దెకియ్యక వివక్ష చూపెనని అమెరికా ప్రభుత్వమే 2006లో అతనిపై దావా వేసెను; నేరమొప్పుకొనకయే 2009లో సుమారు 27 లక్షల డాలర్లిచ్చి రాజీపడెను. పత్రికలలో వచ్చిన సంగతియే. ఆనాడు సమాఖ్య అతనిని దింపలేదు. తలదాచుకొన చోటులేక తిరిగిన కుటుంబముల బాధ ఎవరికిని వినబడలేదు. అయిదేండ్లకు ఒక మాట వినబడగానే లోకము ఉలికిపడెను. చేత కన్న మాట పెద్దదయ్యెను. ఏలననగా మాట పరువు తీసెను, ప్రకటనలిచ్చు వర్తకులు తొలగిపోయిరి.

మన చట్టము ఈ విషయమున కొంత మేలని నా యభిప్రాయము. అస్పృశ్యతా నేరములను గూర్చి 1955లో చేసిన చట్టము చేతను చూచును. అంటరానితనము పాటించి సరకు నమ్మననియో సేవ చేయననియో నిరాకరించి శిక్షపడిన వర్తకుని లైసెన్సును రద్దుచేయుటకు అందు వీలున్నది. గుడి ధర్మకర్తకు శిక్షపడినచో ప్రభుత్వమిచ్చు భూమిని, ధనమును వెనుకకు తీసికొనుటకు వీలున్నది. హోటలు నాది, గ్లాసులు నావి, ఎవరికే గ్లాసున పోయుదునో నా యిష్టమనుట చెల్లదని మనము డెబ్బది యేండ్లకు ముందే వ్రాసికొంటిమి. వ్రాసికొన్నది ఎన్ని ఊళ్లలో జరిగినదో చదువరులే యెఱుగుదురు.

ఇక హైదరాబాదు మాట. వెస్టిండీస్ క్రీడాకారుడు డారెన్ సామీ 2013, 2014లలో సన్‌రైజర్స్ జట్టున ఆడెను. తోటివారు తనను ‘కాలూ’ అని పిలుచుచుండగా, బలమైన గుఱ్ఱమని అర్థము కాబోలనుకొని నవ్వుచు పలికెను. దాని యర్థము నల్లవాడని 2020 జూనులో తెలిసికొని కోపించెను. పిదప పిలిచినవారిలో ఒకడు మాటలాడి ప్రేమతోనే అంటిమనగా సమాధానపడెను. ఇందు దింపవలసిన యజమాని లేడు, అమ్మవలసిన జట్టు లేదు. ద్వేషము కూడ లేదేమో.

ఈ సంగతి చెప్పి మా మేనమామగారు నావైపు చూచిరి. మా చెల్లెలిని చిన్ననాట ఇంటిల్లిపాదియు ‘కర్రెమ్మా’ అని పిలిచెడివారము. ఆయన పిలిచిరి, నేను పిలిచితిని. అసలు పేరు బడిలో మాత్రమే. ఆమె ఇప్పుడు కర్నూలులో ఉపాధ్యాయిని. ఆ రాత్రి సత్రమునుండి ఫోనుచేసి, ఆ పేరు నీకెట్లుండెడిదని అడిగితిని. కొంతసేపు పలుకలేదు. “పిలిస్తే పలికేదాన్ని” అన్నది. “ఇంకేమి చేస్తాను?”