తడి ఎవరికి శత్రువు?

నిలిచేది కళ, నశించేది కాలక్షేపం అంటారు. చింతగింజల జిగురు, సుద్ద పూసిన బట్టపై వేసే చేర్యాల పటానికీ నీళ్లు పడవు. అయినా అది కళే, దానికి నకాషీల పేరుంది. నర్సంపేటలో మా ఇళ్ల ఆడవాళ్లు పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో రుబ్బి, బోర్లించిన కుండ మీద మెత్తి చేసిన బుట్టలు మాత్రం ‘తీరిక పని’గానే మిగిలాయి. అంటే అసలు కొలత మన్నిక కాదు.

ఈ బుట్టకు నీళ్లే పుట్టుక, నీళ్లే చావు. తడిస్తే కాగితపు పీచుల పట్టు వదులుతుంది. ముసురు పడితే అటకెక్కించేవాళ్లు. పాడైతే నానబెట్టి మళ్లీ చేసేవాళ్లు. ఇప్పుడు వార్నిష్ పూయమంటున్నారు. పూర్తిగా ఎండాక లోపలా బయటా పూస్తే చెమ్మ చాలావరకు ఆగుతుంది. పచ్చి మీద పూస్తే లోపలే బూజు పడుతుంది. పూసిన బుట్ట తిరిగి సులువుగా గుజ్జు కాదు.

అలాగని నశించడాన్ని అందమని పొగడలేను. అమ్ముకుని బతకాలనుకునే స్త్రీకి బుట్ట నాలుగు వానాకాలాలు తట్టుకోవాలి. ఇంట్లో వాడుకునే స్త్రీకి ఆ అవసరం లేకపోవచ్చు. వార్నిష్ సంగతి చేసినామే తేల్చుకోవాలి. ప్రదర్శనలో పెట్టినా, వ్యాసంలో రాసినా ఆమె పేరుండాలని మాత్రం మనం పట్టుబట్టాలి.