ఎర్ర కిటికీలో ఏడో నంబరు

పాత వస్తువు కొన్నప్పుడు మనం కొన్నది ఎంతవరకు? సెకండ్‌హ్యాండ్ సైకిలు కొంటే మడ్‌గార్డు మీద పాత యజమాని పేరు కూడా మన ఇంటికి వస్తుంది. రంగు వేయిస్తే పోతుంది. హైదరాబాదులో ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకం కొంటే మొదటి పేజీలో ఏ తాతగారో మనవరాలికి రాసిన ఆశీస్సులుంటాయి. వాటిని చదవడం తప్పని ఎవరూ అనరు. మరి పాత కెమెరా కొంటే, అందులో ఎవరిదో సగం వాడిన రీలుంటే?

పొద్దుపోక వేసుకున్న ప్రశ్న కాదిది. కొల్లాపూర్‌లో ఒక పాతసామాన్ల కొట్టులో, స్టవ్వులూ తాళాలూ ఇత్తడి చెంబుల మధ్య నాకొక ఆగ్ఫా క్లిక్ త్రీ కనిపించింది. బరోడాలో తయారైన సరుకు. మన దేశంలో ఒక తరం మధ్యతరగతి కుటుంబాల పెళ్ళిళ్ళూ విహారయాత్రలూ దీని కంట్లోంచే ఆల్బముల్లోకి వెళ్ళాయి. బ్యాటరీ లేదు, మీటరు లేదు. ఎండ, మబ్బు అని రెండు గుర్తులు, ఒక మీట. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, మనిషికి పదడుగుల దూరంలో నిలబడి నొక్కడమే. మరీ దగ్గరికి వెళితే ముఖం అలుక్కుపోతుంది. 120 రీలుకు పన్నెండు చదరపు బొమ్మలు. ఆ రీళ్ళు ఇప్పటికీ విదేశాల్లో తయారవుతున్నాయి, ఇక్కడా తెప్పించుకోవచ్చు. కాకపోతే నేనిచ్చిన కెమెరా ధర కన్న రీలు ధర ఎక్కువ. గుర్రం చౌక, జీను పిరం!

పాత కెమెరా కొనేవాళ్ళకు ఒక మాట. వెనకమూత తెరిచి, వెలుతురు వైపు పట్టి, కటకంలో బూజు దారాలున్నాయేమో చూడాలి. మీట నొక్కి రెక్క ఆడుతోందో లేదో చూడాలి. అయితే మూత తెరిచే ముందు వెనకనున్న చిన్న ఎర్ర కిటికీలోకి తొంగిచూడాలి. నేను చూశాను. అందులో 7 అని అంకె ఉంది. అంటే ఆరు బొమ్మలు తీసి ఏడోదాని దగ్గర ఎవరో ఆగిపోయారు. మూత తీస్తే ఆ ఆరూ వెలుతురు తగిలి చచ్చిపోతాయి.

"ఇది ఎవరిది?" అనడిగాను కొట్టతన్ని.

"ఎవరిదో ఏం ఎర్క సార్! మునిగిన ఊరోళ్ల ఇంట్లకెళ్లి వచ్చిన సామాను. పిల్లలు పట్నంల ఉంటరు, ఇల్లు అమ్ముకున్నరు."

మునిగిన ఊరు అంటే ఈ ప్రాంతంలో వివరం చెప్పనక్కర్లేదు. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళెన్నో నీళ్ళ కిందికి వెళ్ళాయి. మంచాలకట్ట మాధవస్వామి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి కొల్లాపూర్‌లో నిలబెట్టారు. దేవుడికి ఆ వసతి జరిగింది. అరుగులకూ చేదబావులకూ అంత ఓపిక ఎవరికుంటుంది? అవన్నీ అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు ఈ పెట్టెలో ఆరు బొమ్మలు.

కడిగించవచ్చా? చట్టాన్ని అడిగితే నిమిషంలో చెబుతుంది. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం ఛాయాచిత్రానికి కర్త తీసినవాడు. కెమెరా కొన్నంత మాత్రాన బొమ్మ మనదైపోదు. కానీ చూడవచ్చా కూడదా అన్నది చట్టం పట్టించుకునే సంగతి కాదు.

1897లో ఆంద్రే అనే స్వీడన్ సాహసి ఇద్దరు తోడుతో బెలూన్లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి మంచులో మాయమైపోయాడు. 1930లో వాళ్ళ అవశేషాలతో పాటు ఫిల్ములూ దొరికాయి. ముప్పైమూడేళ్ళ తరవాత కడిగితే తొంభైకి పైగా బొమ్మలు పలికాయి. అక్కడ ధర్మసందేహం లేదు. వాళ్ళేమయ్యారో తెలుసుకోవాలని ఒక దేశమంతా కాచుకుని ఉంది.

వివియన్ మేయర్ సంగతి వేరు. షికాగోలో పిల్లల ఆయాగా బతుకుతూ వీధుల్లో వేలకొద్దీ బొమ్మలు తీసిన ఆవిడ, వందల రీళ్ళు కడిగించకుండానే పెట్టెల్లో పెట్టుకుంది. అద్దె కట్టని గోదాములోని ఆ పెట్టెలు 2007లో వేలానికి పోయాయి. ఆవిడ 2009లో కన్నుమూశాకే లోకమంతా ప్రదర్శనలు జరిగాయి. గొప్ప బొమ్మలే, నేనూ మెచ్చుకున్నాను. అయితే ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. మెచ్చుకుంటున్నప్పుడల్లా ఆ ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది.

నా ఆలోచన ఇలా సాగింది. ఉత్తరం ఒకరికే రాసేది. ఫొటో అలా కాదు. పన్నెండంటే పన్నెండే బొమ్మలున్న రోజుల్లో ఎవరూ ఊరికే మీట నొక్కలేదు. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఎండకు కళ్ళు చికిలించుకుంటూ నిలబడ్డవాళ్ళు కనబడాలనే నిలబడ్డారు. కనక కడిగించడం తప్పు కాదనుకున్నాను. చూసింది ఎవరికి చూపాలన్నది వేరే లెక్క, దాన్ని దీనితో కలపకూడదు. మిగిలిన బొమ్మల్లో మా ఇంటివాళ్ళను తీద్దామని మా అబ్బాయి అన్నాడు. ఒప్పుకోలేదు. ఒకరి విస్తట్లో మనం కూడా కూర్చోవడమేమిటి? రీలంతా అలాగే చివరిదాకా తిప్పేశాను. బయటికొస్తే కాగితం మీద "ఇందు" అని ఉంది. ఊటీలో ప్రభుత్వం నడిపిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి రీలు. ఆ ఫ్యాక్టరీ కూడా ఇప్పుడు లేదు.

ఓపికగల ఒక పాత స్టూడియో ఆయన చీకటిగదిలో కడిగిపెట్టాడు. నాలుగు బొమ్మలు పొగమంచు. ఒకదాంట్లో ఏదో గోడ. ఒక్కటి మాత్రం పలికింది: అరుగు మీద ముసలమ్మ, పక్కన గౌను వేసుకున్న పిల్ల, వెనక సగం తెరిచిన తలుపు.

"ఫోన్ల గ్రూపులల్ల పెట్టు సార్, గంటల దొరుకుతరు," అన్నాడు కొట్టతను. దొరుకుతారు, నిజమే. అయితే ఆ పిల్లకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. తనకంటే ముందు వెయ్యిమంది తన నాయనమ్మను చూసి వేలు నొక్కి ముందుకు జరిగిపోవడం ఆమెకు ఇష్టమో కాదో నాకేం తెలుసు? ఆలస్యమైతే కానీ, చేత్తో పట్టుకుని తిరుగుదామనుకున్నాను.

ముంపువాళ్ళు వచ్చి స్థిరపడ్డ వాడలో మూడిళ్ళు తిరిగాక ఒక పెద్దాయన బొమ్మను వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మనిషెవరో తెల్వది గని సారూ, గీ అరుగు మా దిక్కుదే. ఒకసారి ఇయ్యి, మా ఇంటామెకు చూపిచ్చి తెస్త."

లోపలికి తీసుకెళ్ళాడు. మాటలు వినిపించాయి, తరవాత ఏమీ వినిపించలేదు. నేను చీకటి పడేదాకా బయట మంచం మీద కూర్చుని, అడక్కుండానే లేచి వచ్చేశాను. నెగటివ్ నా దగ్గరే ఉంది.