ఆ రాడ్ కాస్త పైకెత్తు, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ, అక్టోబరులో న్యూజెర్సీ నుంచి కుర్రాళ్ళంతా కలిసి న్యూయార్క్ రాష్ట్రంలోని పులాస్కీకి గాలాలు పట్టుకుని బయల్దేరుతున్నారని మీ అమ్మ చెప్పింది. వెళ్ళండి. ఒంటారియో సరస్సు నుంచి సాల్మన్ నదిలోకి చినూక్ చేపలు ఎదురెక్కే అదను అదే. చేపల కంటే మనుషులు ఎక్కువగా కనబడే కాలమూ అదే. మంచి మడుగు ఉన్నచోట భుజాలు రాసుకుంటూ నిలబడతారు. అక్కడ గాలం వెయ్యడం వస్తే చాలదు, పక్కవాడితో మసలుకోవడం రావాలి.

చీకటితో వచ్చి నిలబడ్డవాడి చోటు వాడిదే. జాగా కనబడింది కదా అని దూరిపోకు. అటూ ఇటూ ఉన్నవాళ్ళను "ఇక్కడ నిలబడనా?" అని అడుగు. మొహం తిప్పుకున్నారా, ఇంకో చోటు చూసుకో.

దిగీదిగగానే విసరకు. కాసేపు పక్కవాళ్ళ చేతులు చూడు. కాస్త ఎగువకు విసిరి, ఎరను నీటితోపాటు జారనిచ్చి, దిగువకు చేరగానే తీసేస్తుంటారు. ఒకే రోట్లో ముగ్గురు దంచుతున్నా రోకళ్ళు తగలనట్టే సాగుతుంది ఆ పని. నువ్వూ ఆ వరసలో కలవాలి. నీ లైన్ ఒక్కటీ నాలుగు బారలు ఎక్కువ పోయిందంటే దిగువవాడితో చిక్కుపడుతుంది. పడితే నీ లైనే కోసెయ్. తప్పెవరిదని తగవు పెట్టుకుంటే ఇద్దరికీ పొద్దుపోతుంది.

ఎవరికైనా చేప తగిలితే "ఫిష్ ఆన్" అని కేకేస్తారు. ఆ మాట చెవిన పడగానే నీ లైన్ చుట్టేసి రాడ్ పైకెత్తు. ఇరవై పౌన్ల చినూక్ పరుగందుకుంటే నిలబెట్టడం ఎవరి తరమూ కాదు, దాని వెంట దిగువకు నడవాల్సిందే. నీ వెనకనుంచో, నీ రాడ్ కిందనుంచో వస్తాడు, దారివ్వు. 'ఇదొక్కటీ విసిరి తీసేద్దాం' అనుకున్నావో, ఇద్దరి లైన్లూ మెలిపడి అతని చేప కాస్తా పోతుంది. పావుగంట తర్వాత అతను తిరిగొచ్చినా ఆ చోటు అతనిదే. ఇంకోటి, అడక్కుండా వల పట్టుకుని సాయానికి ఉరకకు. వల అంచు తగిలి చేప తప్పించుకుంటే ఆ ఉసురు నీకే.

ఒకప్పుడు అక్కడ చేపను ఒంట్లో ఎక్కడ పడితే అక్కడ గుచ్చి లాగేవాళ్ళు. 1995లో దాన్ని పూర్తిగా మాన్పించారు. అయినా గుంపుగా ఎక్కే చేపల్లో గాలం తోకకో, రెక్కకో తగలడం మామూలే. నోట్లో తగలనిదాన్ని వదిలెయ్యాలని రూలు. రూలు సంగతి అలా ఉంచు. తోకకు తగిలిన చేప ఓ పట్టాన లొంగదు. దాని వెనక నువ్వు పరిగెడుతుంటే ఒడ్డున ఉన్నవాళ్ళంతా రాడ్లెత్తుకుని నీ మొహమే చూస్తూ నిలబడాలి. రాడ్‌ను చేపవైపు సూటిగా దించి, రీల్ కదలకుండా బిగించి లైన్ తెంపెయ్. గాలం ఖరీదెంతని!

మనవాళ్ళు నలుగురు చేరితే ఫోన్లో పాట మొదలవుతుంది. దాన్ని కారులోనే ఉంచండి. తెగిన లైన్ ముక్కలు జేబులో వేసుకో, పక్షుల కాళ్ళకు చుట్టుకుంటాయి. గుడ్లు మాత్రం తీసుకుని చేపను పొదల్లో పారేసేవాళ్ళుంటారు, వాళ్ళ జోలికి పోకు.

ఎగువన డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే నది చూస్తుండగానే పెరుగుతుంది. పక్కనున్న పెద్దాయన గమనించకపోతే నువ్వే చెప్పి, చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకురా.

చింతపండు సిద్ధంగా ఉంచుతానంటోంది మీ అత్తయ్య. నదిలో చాన్నాళ్ళు ఉండి నల్లబడ్డ చేపలో కండ పట్టు ఉండదట, మెరుపు తగ్గనిదొక్కటి తెస్తే చాలు, లేకపోతే ఉత్త చేతుల్తోనే రమ్మంటోంది.