రోజుకు ఎన్ని పూటలు తినవలెను?



బరువు తగ్గాలంటే రోజుకు ఎన్నిసార్లు తినవలెనన్న ప్రశ్న ఈ మధ్య మన ఇండ్లలో తరచుగా వినబడుతున్నది. ఆరుసార్లు కొంచెము కొంచెముగా తినమని ఒకరు, రెండు పూటలు చాలునని ఇంకొకరు. ఆరాధన ముగిసి మెట్లు దిగేలోగానే రెండు పక్షములు ఏర్పడుతున్నాయి. మేమును రెండు పక్షములలో కొంతకాలము ఉన్నవారమే.

మాటిమాటికి తింటే జఠరాగ్ని ఆరకుండ ఉంటుందని, దానితో కొవ్వు కరుగుతుందని ఒక నమ్మకము. తిన్నది అరిగించుకొనుటకు శరీరము కొంత శక్తి ఖర్చు చేయుట నిజమే. మామూలు భోజనములో అది సుమారు పదవ వంతు. అయితే ఆ పదవ వంతు తిన్న మొత్తమును బట్టి వచ్చేది గాని తిన్నసార్లను బట్టి వచ్చేది కాదు. 1800 కేలరీల తిండిని మూడు భాగములు చేసినా ఆరు చేసినా అరుగుదలకు పోయేది సుమారు 180 మాత్రమే. 2010లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో ఒకే కొలత తిండిని ఎనిమిది వారములు కొందరు మూడుసార్లు, కొందరు ఆరుసార్లు తిన్నారు. బరువు తగ్గుటలో తేడా రాలేదు. 2014లో ప్రాగ్ నగర వైద్యులు షుగరు వ్యాధిగల 54 మందిని గురించి ప్రచురించిన దానిలో, ఉదయము, మధ్యాహ్నము రెండే భోజనములు చేసిన కాలములో బరువు కొంత ఎక్కువే తగ్గినది. 2022లో చైనా నుండి వచ్చిన ఏడాది పరిశోధనలో, కేలరీలను సమానముగా తగ్గించుకున్నవారిలో, ఎనిమిది గంటలలోపే తినుట ముగించిన వారికిని మిగతావారికిని చెప్పుకోదగిన తేడా లేదు. అంటే సంఖ్యలో పెద్ద మహిమ లేదు, కొలతలోనే ఉన్నది. (ఇన్సులిను గాని షుగరు మాత్రలు గాని వాడేవారు మాత్రము వైద్యుని అడుగకుండ పూట మానరాదు. ఉపవాస ప్రార్థన దినములలోను అంతే.)

లెక్క ఇంత తేలికైతే, బరువు తగ్గనివారందరు తిండిపోతులేనా? అసలు ప్రశ్న ఇదేనని మాకు తోచుచున్నది. మనము ఎవరినైనా చూచి "నోరు కట్టుకోలేడు" అని ఎంత సులువుగా అనేస్తాము!

కోలారు బంగారు గనులలో మన పెద్దలు రాగి ముద్ద కడుపునిండ తిని గనిలోనికి దిగేవారు. ఆ తిండికి తగిన చాకిరి ఉండేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఇప్పుడు వారి పిల్లలలో అనేకులు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, కుర్చీలో పని చేసి, రాత్రికి ఇల్లు చేరుతారు. ఎన్నిసార్లు తినాలో, ఎప్పుడు తినాలో వారికి నిర్ణయించేది రైలు. రాత్రి తొమ్మిదిన్నరకు పళ్లెము ముందు కూర్చున్నవానికి ఆరుపూటల ఉపదేశము ఏమి పనికివచ్చును?

ఇంటి ఇల్లాలి సంగతి మరీ వేరు. అందరికి వడ్డించి, చివరకు తాను కూర్చుండి, మిగిలిన అన్నము పారేయుట పాపమని అదికూడ తానే తింటుంది. ఆమె బరువు సగము మన మిగుళ్ల బరువే! ఆమెను డాక్టరు మందలిస్తాడు. మనలను ఎవరు మందలిస్తారు? కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునొకండవ అధ్యాయములో పౌలు తప్పుపట్టినది ఎవరెన్నిసార్లు తిన్నారని కాదు, ఒకరికొరకు ఒకరు ఆగలేదని.

మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఒక ఇంట ప్రార్థన ముగిసినాక, "రెండు పూటలే తింటున్నాము" అని పెట్టిన పళ్లెమును ప్రక్కకు జరిపినాము. మేము గొప్ప నిగ్రహము చూపినామనుకున్నాము. ఆ అమ్మ ఏమియు అనలేదు, పళ్లెము లోపలికి తీసుకొనిపోయినది. మేము వెళ్లినాక ఆ పులిహోర కూడ ఆమెయే తిన్నదని తరువాత తెలిసినది.

ఇప్పుడు ఆ ఇంటికి పోతే ముందే చెప్పి ఒక గరిటె పెట్టించుకుంటాము, అమ్మను కూడ మాతో కూర్చోమంటాము. రెండు నెలలు ఆమె ఒప్పుకోలేదు. మూడవ నెలలో ఆమె కుమారుడే లేచి వడ్డించినాడు. ఆ రాత్రి ఆమె ఎనిమిదింటికే భోజనము ముగించినది.