బరువు తగ్గడం కోసం చేస్తే అది ఉపవాసమేనా?

ఏకాదశి మీద వీడియో పెట్టిన ప్రతిసారీ మీలో చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "ఎలాగూ బరువు తగ్గాలి. ఏకాదశి ఉపవాసం చేస్తే రెండూ కలిసొస్తాయి కదా! అలా చేస్తే పుణ్యం వస్తుందా, రాదా?" కొందరు నవ్వుతూ అడుగుతారు. కొందరి మాటల్లో మాత్రం దేవుణ్ణి మోసం చేస్తున్నామేమో అన్న భయం వినిపిస్తుంది. రెండు ముక్కల్లో చెప్పి వదిలేసే విషయం కాదు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కోరిక సంగతి చూద్దాం. భగవద్గీత 7వ అధ్యాయంలో శ్రీకృష్ణుడు తనను సేవించేవాళ్ళు నాలుగు రకాలు అంటాడు. కష్టంలో ఉన్నవాడు, ఏదో కావాలని వచ్చేవాడు, తెలుసుకోవాలని వచ్చేవాడు, జ్ఞాని. నాలుగోవాడు తనకు అత్యంత ప్రియుడు అంటూనే, మిగతా ముగ్గురినీ మంచివాళ్ళే అన్నాడు. పరీక్ష పాసవ్వాలని మొక్కుకుంటాం, ఉద్యోగం రావాలని ప్రదక్షిణలు చేస్తాం. మరి ఆరోగ్యం కావాలని ఉపవాసం ఉంటే తప్పేముంది? కోరికతో వచ్చామని ఆయన తలుపు వేసెయ్యడు. ఆ భయం వదిలెయ్యండి.

నాకు ఇబ్బందిగా అనిపించేది వేరే ఉంది. చాలామంది యువతీయువకులు ఉపవాసాన్ని శిక్షలా వాడుతున్నారు. నిన్న పెళ్ళి భోజనంలో నాలుగు గారెలు తిన్నందుకు ఇవాళ మంచినీళ్ళు కూడా ముట్టరు. అద్దంలో పొట్ట చూసుకుని అసహ్యించుకుని, ఆ కోపానికి వ్రతం అని పేరు పెడతారు. గీత 17వ అధ్యాయంలో ఇలాంటి తపస్సు గురించే హెచ్చరిక ఉంది. మొండిపట్టుతో శరీరాన్ని హింసించేవాడు లోపల ఉన్న తనను కూడా హింసిస్తున్నాడని కృష్ణుడు అంటాడు. అలాంటి తపస్సును తామసం అన్నాడు. కాళిదాసు కుమారసంభవంలో, బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు తపస్సు చేస్తున్న పార్వతిని, నీ శక్తికి తగినంతే చేస్తున్నావు కదా అని అడుగుతాడు. ధర్మం ఆచరించాలంటే ముందు శరీరం ఉండాలి కదా అని ఆయన ఆరా.

ఒకమాట ఆలోచించండి. మనం తొలి పూజ చేసేది లంబోదరుడికి. లావుగా ఉండటం పాపం కాదు, సన్నగా ఉండటం సుగుణం కాదు. అయితే అధిక బరువు వల్ల షుగర్, బీపీ, మోకాళ్ళ నొప్పులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజం. అందుకే శరీరాన్ని చూసుకోవడం మన బాధ్యత. బాధ్యతకీ ద్వేషానికీ చాలా తేడా ఉంది. పసిపిల్లకి అన్నం పెట్టేటప్పుడు ఎంత పెట్టాలో చూసుకుంటాం. అంతేగానీ పిల్లని తిట్టుకుంటూ పెట్టం కదా!

మరి నేను చేస్తున్నది వ్రతమా, శిక్షా అని ఎలా తెలుసుకోవాలి? ఏకాదశి రోజు తెలియదండీ. ద్వాదశి ఉదయం తెలుస్తుంది.

పెద్దలు ఈ వ్రతాన్ని ఎలా అమర్చారో చూడండి. దశమి నాడు ఒక్కపూట భోజనం. ఏకాదశి నాడు ఉపవాసం. ద్వాదశి ఘడియలు దాటకుండా పారణ. అంటే ఉపవాసం ఎంత ముఖ్యమో, దాన్ని సమయానికి విరమించి అన్నం తినడం కూడా అంతే ముఖ్యం. ఇంకో రోజు కూడా ఉండగలను అని పంతం పట్టడానికి ఇందులో చోటు లేదు. ఆ ఉదయం విస్తరి ముందు కూర్చున్నప్పుడు మనసు ప్రశాంతంగా, కృతజ్ఞతగా ఉంటే అది వ్రతం. నిన్నటి కసి అంతా బిర్యానీ మీద తీర్చుకున్నా, తినడానికే భయపడి ఒక్కో మెతుక్కీ లెక్కలు వేసుకున్నా, ఆ ఉపవాసం మనల్ని భగవంతుడి దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఆకలి చుట్టూనే తిప్పింది.

బరువు విషయంలో కూడా ఈ పరీక్షే పనికొస్తుంది. ఒకరోజు తినకపోతే కాటా మీద తగ్గి కనిపించేదాంట్లో చాలా భాగం నీరే. మళ్ళీ తినగానే తిరిగొస్తుంది. నెలకు ఏకాదశులు రెండు. మన బరువు తేలేది మిగతా 28 రోజుల్లో. పైగా బరువు వేగంగా తగ్గితే శరీరం ఆకలిని పెంచుతుంది, శక్తి ఖర్చును తగ్గించుకుంటుంది. అది మీ చేతకానితనం కాదు, శరీరం తనను కాపాడుకునే పద్ధతి. అందుకే వారానికి అరకిలో చొప్పున నెమ్మదిగా తగ్గితే చాలు.

ఆ 28 రోజులకి గీత 6వ అధ్యాయం దారి చూపిస్తుంది. మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదట. ఆహారం, విహారం, పని, నిద్ర అన్నీ మితంగా ఉండాలి. వాగ్భటుడి అష్టాంగహృదయం కడుపులో సగం ఆహారానికి, పావు ద్రవానికి, మిగతా పావు గాలికి వదలమంటుంది. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2000 కేలరీలు తినే మనిషి పళ్ళెంలో కూరగాయలు 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు ఉండాలంది. మన ఇళ్ళల్లో జరిగేది తిరగేసి! అన్నం కొండంత, కూర గోరంత. దాన్ని మార్చండి. పప్పు, కూర ఎక్కువ వేసుకుని అన్నం తగ్గించండి. భోజనం అయ్యాక పది నిమిషాలు నడవండి. రాత్రి ఫోన్ పక్కన పెట్టి త్వరగా పడుకోండి. ఫలహారం పేరుతో నూనెలో వేయించిన చిప్స్, గిన్నెడు సగ్గుబియ్యం తింటే అటు ఉపవాసమూ కాదు, ఇటు డైటూ కాదు.

అన్నాన్ని నిందించకూడదని తైత్తిరీయోపనిషత్తు చెబుతుంది. గుడిలో చేతిలో పెట్టిన చారెడు పులిహోరని కార్బ్స్ అని చూడకండి. కళ్ళకద్దుకుని తినండి. ఇంట్లో అమ్మ వడ్డించేటప్పుడు "ఇంక చాలమ్మా" అని నవ్వుతూ చెప్పండి. మొహం చిట్లించక్కర్లేదు.

ఒక ముఖ్యమైన మాట. షుగర్ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ఉపవాసం చేయకండి. కడుపు మాడ్చుకోవడం, తర్వాత అదుపు లేకుండా తినడం అలవాటైపోయినవాళ్ళు కూడా అంతే. నీళ్ళు, పళ్ళు, పాలు, మందు తీసుకుంటే వ్రతభంగం కాదని పెద్దలు ఎప్పుడో చెప్పారు. చేయలేనివాళ్ళకి నామజపం ఉంది.

కాబట్టి ఆరోగ్యం కోసం ఉపవాసం చేయండి, సంతోషంగా చేయండి. సంకల్పం చెప్పుకునేటప్పుడు మాత్రం ఇంత కిలోలు తగ్గించు స్వామీ అని కాకుండా, నువ్విచ్చిన ఈ శరీరాన్ని బాగా చూసుకునే బుద్ధినివ్వు అని అడగండి. ఆ తర్వాత ద్వాదశి ఉదయం మీ మనసు ఎలా ఉందో ఒక్కసారి గమనించుకోండి.

శుభం భూయాత్.